హైడ్రోస్టాటిక్ బండి, ఏటవాలు నేల: అపోహలు - వాస్తవాలు

హైడ్రోస్టాటిక్ బండి అంటే ఇంజిన్ బలాన్ని ఆయిల్ పంపు, హైడ్రాలిక్ మోటారు ద్వారా చక్రాలకు అందించే ట్రాక్టర్ లాంటి బండి.

అపోహ: ఎక్కుడులో ఇంజిన్ ముక్కుతుంటే పెడల్ ఇంకా తొక్కాలి.

వాస్తవం: తొక్కేకొద్దీ పరిస్థితి పాడవుతుంది. ఈ పెడల్ పంపులోని స్వాష్‌ప్లేటును (ఆయిల్ ఎంత తోయాలో నిర్ణయించే వాలు పలకను) వంచుతుంది. వంపు పెరిగితే పంపు ఒక్కో చుట్టుకు ఎక్కువ ఆయిల్ తోస్తుంది, వేగం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. పెడల్ అడుగంటా తొక్కడమంటే ఘాట్ రోడ్డు మీద టాప్ గేర్ వేయడమే! ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పడిపోతుంటే పెడల్ కొంచెం వదలండి. ఇంజిన్ తేరుకుంటుంది, బండి నిదానంగా ఎక్కేస్తుంది. త్రాటిల్ లివర్ విడిగా ఉంటే ముందే ఆర్‌పీఎం పెంచి ఉంచుకోండి.

అపోహ: ఎక్కలేకపోతే మధ్యలో లో రేంజ్‌లోకి (తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే గేరులోకి) మార్చుకోవచ్చు.

వాస్తవం: వద్దు. రేంజ్ లివర్ న్యూట్రల్ దాటే ఆ క్షణంలో చక్రాలకు హైడ్రాలిక్ మోటారుతో సంబంధం తెగిపోతుంది, బండి వెనక్కి జారుతుంది. వాలు మొదలుకాకముందే, చదును నేల మీద ఆపి మార్చండి.

అపోహ: దిగేటప్పుడు పెడల్ వదిలేస్తే చాలు, అదే ఆపుకుంటుంది.

వాస్తవం: సగమే నిజం. దిగుడులో చక్రాలు మోటారును తిప్పుతాయి, అది పంపులా మారి ఇంజిన్‌ను తిప్పబోతుంది, ఇంజిన్ కంప్రెషన్ అడ్డుపడుతుంది. కానీ పెడల్ ఒక్కసారిగా వదిలితే బరువంతా ముందుకు పడి వెనక చక్రాలు తేలికవుతాయి. టూ-వీల్ డ్రైవ్‌లో ఈ అడ్డు వెనక చక్రాలకే అందుతుంది, అవి పట్టుతప్పి జారతాయి. అందుకే ఫోర్-వీల్, లో రేంజ్ వేసి, పెడల్ మెల్లగా వదలాలి. ఇంజిన్ హోరు పెరుగుతుంటే బ్రేకు కూడా వేయండి.

అపోహ: ఇంజిన్ ఆపితే బండి కదలదు.

వాస్తవం: కదులుతుంది. పంపు, మోటారుల్లోని పిస్టన్ల పక్క సన్నని సందుల్లోంచి ఆయిల్ జారుతూనే ఉంటుంది, ఇంజిన్ ఆగాక ఆ లోటు పూడ్చే చార్జ్ పంపు కూడా ఆగిపోతుంది. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకు దిమ్మలు పెట్టండి. ఆయిల్ వేడెక్కితే పల్చబడి ఈ జారుడు ఇంకా పెరుగుతుంది. చాలాసేపు ఎక్కాక బలం తగ్గినట్టు అనిపించడానికి కారణం కూడా ఇదే. ఆయిల్ కూలర్ రెక్కల్లో దుమ్ము, గడ్డి పేరుకోనివ్వకండి.

అపోహ: 45 శాతం వాలు అంటే 45 డిగ్రీలు.

వాస్తవం: శాతం అంటే అడ్డంగా వంద అడుగులకు ఎన్ని అడుగులు ఎత్తు పెరిగిందో ఆ లెక్క. 45 డిగ్రీలంటే 100 శాతం. 15 డిగ్రీలు సుమారు 27 శాతం. మాన్యువల్‌లో రాసిన హద్దు ఏ కొలతలో ఉందో చూసుకోండి.

అపోహ: వాలు మీద పంపు కూత పెట్టడం మామూలే.

వాస్తవం: ఎప్పుడూ లేని కూత వినిపిస్తే ముందు ఆయిల్ తగ్గిందేమో అనుమానించండి. ఏటవాలులో ఆయిల్ ఒక పక్కకు పోయి, పంపు గాలి పీలుస్తుంది. బండిని చదునుకు తెచ్చి మట్టం చూడండి.