గిద్దతో మొదలై కుంచం దాకా

"రెట్టింపు చేయడం ఒక్కటే వచ్చినవాడు ఎంత గుణకారమైనా చేయగలడా?" అని మా మేనల్లుడు అడిగాడు. పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయి, తప్పించుకునే దారి వెతుకుతున్నాడు లెండి. చేయగలడు. దానికి తోడు కూడిక వస్తే చాలు.

ఎలాగో తెలియాలంటే అటక మీది పాత కొలతపాత్రలు కిందికి దించాలి. ఈ కొలతలు ఊరిని బట్టి కాస్త మారేవి. మా కోస్తా లెక్క ఇది: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. గిద్దల్లో చెబితే 1, 2, 4, 8, 16, 32, 64. పదుల్లో ఎందుకు పెట్టుకోలేదంటారా? గింజల్ని కంటిచూపుతో పది సమభాగాలు చేయడం ఎవరి తరం? రెండు ఒకేలాంటి గిన్నెల్లో అటూ ఇటూ పోసి సమం చేయడం పిల్లలకైనా వచ్చు.

ఈ ఏడు పాత్రల్లో దేన్నీ రెండుసార్లు వాడకుండా 1 నుంచి 127 గిద్దల దాకా ఎంతైనా కొలవచ్చు. (ఏడు అన్నానా? కళ్లంలో ధాన్యం కొలిచే పెద్దలు ఒప్పుకోరు. వాళ్లు ఒకటిని 'లాభం' అంటారు, ఏడుని 'ఆరున్నొక్కటి' అంటారు. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని. నమ్మకం మాటెలా ఉన్నా లెక్క మాత్రం తప్పలేదు.)

పైగా ఏ కొలతకైనా దారి ఒక్కటే. కుంచం కంటే చిన్నవి ఆరూ కలిపితే 63, కుంచానికి సరిగ్గా ఒక్క గిద్ద తక్కువ. అడ్డ కంటే చిన్నవన్నీ కలిపితే 31, అక్కడా గిద్దే తక్కువ. కాబట్టి 37 గిద్దలు కావాలంటే అడ్డ తీయక తప్పదు, చిన్నవన్నీ కూడబలుక్కున్నా అంత రాదు. మిగిలిన 5కి మానిక, తవ్వ ఎక్కువైపోతాయి, సోల తీయాలి. ఆ పైన ఒక గిద్ద. అయిపోయింది.

ఇప్పుడు గుణకారం. గిద్ద నూనె 23 రూపాయలైతే 37 గిద్దలు ఎంత? ధరని రెట్టిస్తూ పోండి: గిద్ద 23, అరసోల 46, సోల 92, తవ్వ 184, మానిక 368, అడ్డ 736. మనం తీసినవి అడ్డ, సోల, గిద్ద. 736, 92, 23 కూడితే 851. ఎక్కం ఎక్కడా చదవలేదు.

ఏ పాత్రలు తీయాలో వెతకడం కూడా అక్కర్లేదు. 37 గిద్దల్ని అరసోలల్లోకి మార్చండి: 18 అరసోలలు, ఒక గిద్ద మిగులు. 18 అరసోలలు 9 సోలలు, మిగులు లేదు. 9 సోలలు 4 తవ్వలు, ఒక సోల మిగులు. 4 తవ్వలు 2 మానికలు, అవి ఒక అడ్డ. మిగిలినవే మనకు కావలసినవి. సగం చేస్తూ పోతే బేసి సంఖ్య వచ్చిన చోటల్లా ఒకటి మిగులుతుంది, అంతే కిటుకు. బడిలో ఈ 'బేసి' వెనక పాత్ర ఉందని నాకెవరూ చెప్పలేదు.

ఈజిప్టు లేఖకులూ రెట్టించే గుణించేవారు. అహ్మెస్ అనే లేఖకుడు సుమారు 3,500 ఏళ్ల కిందట రాసిన పపైరస్ (రెల్లు లాంటి మొక్కతో చేసిన కాగితం) చుట్టని 1858లో హెన్రీ రైండ్ అనే స్కాట్లండ్ పురావస్తు ప్రియుడు ఈజిప్టులోని లక్సర్‌లో కొన్నాడు. ఇప్పుడది లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులోని లెక్కల్లో గుణకారమంటే ఈ రెట్టింపుల వరసే. వాళ్ల ధాన్యం కొలత హెకత్. దాన్ని సగాలు చేసుకుంటూ 64వ వంతు దాకా వెళ్లేవారు. మన కుంచంలో గిద్ద కూడా 64వ వంతే! ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేననను. ధాన్యం రాశి ముందు కూర్చున్న చేతికి సగం చేయడమే సులువు.

కంప్యూటర్ చేసేదీ ఇదే. పాత్ర తీస్తే 1, తీయకపోతే 0. అడ్డ నుంచి గిద్ద దాకా వరసగా రాస్తే 37 అంటే 100101. మరి రుణసంఖ్యలు? ఎనిమిదో పాత్ర పెడతారు, కానీ అది అప్పు పాత్ర, విలువ −128. ఇంట్లో ఏడు పాత్రలూ నిండుగా ఉండి, పొరుగింట్లో రెండు కుంచాలు బాకీ ఉంటే చివరికి మనకు తక్కువైంది ఒక్క గిద్ద. అందుకే ఎనిమిది బిట్లలో (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే ఒక్కో చోటు, అంటే ఒక్కో పాత్ర) −1 అంటే 11111111. అప్పు లేకుండా ఏడూ నిండాక ఇంకో గిద్ద పోశారనుకోండి, అన్నీ ఖాళీ అయిపోయి అప్పు పాత్ర ఒక్కటే నిండుతుంది: 127కి ఒకటి కలిపితే −128. మొదటిసారి ఈ జవాబు చూసినప్పుడు నేను కంప్యూటర్ పాడైందనుకుని స్విచ్ ఆపేశాను.