కత్తి లాక్కునే విద్య: మధ్యయుగ ఐరోపా ఖడ్గయుద్ధంలో పట్టు, మణికట్టు, స్పర్శ

జర్మనీలోని డ్రెస్డెన్ గ్రంథాలయంలో ఒక పాత చేతిరాత ప్రతి ఉంది. బవేరియా డ్యూక్ ఆల్బ్రెక్ట్‌కు ఖడ్గవిద్యా గురువుగా ఉన్న జిగ్మండ్ రింగెక్, యోహానెస్ లీష్టెనావర్ అనే జర్మన్ గురువు ఖడ్గవిద్యా పద్యాల మీద రాసిన వ్యాఖ్యానం అందులో ఉంది. ఆ వ్యాఖ్యానంలో ఒకచోట, ఎదుటివాడి కత్తిని ఎలా లాక్కోవాలో కొద్ది మాటల్లో చెప్పాడు. రెండు కత్తులూ తగిలి ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ నిలిచినప్పుడు, ఎడమచేతిని పిడి మీది నుంచి తీసి రెండు కత్తుల అలుగులనూ నడిమధ్యన కలిపి గట్టిగా పట్టుకోవాలి. కుడిచేతిలో ఉన్న పిడి చివరి గుండును కిందుగా పోనిచ్చి, ఎదుటివాడి రెండు చేతుల మీదికి తెచ్చి, అక్కడి నుంచి తన కుడివైపుకు, పైకి లాగాలి. అప్పుడు రెండు కత్తులూ తన దగ్గరే మిగులుతాయని రింగెక్ అంటాడు.

చదివిన వెంటనే రెండు సందేహాలు వస్తాయి. పదునైన ఉక్కును వట్టి చేత్తో పట్టుకుంటే వేళ్ళు తెగవా అన్నది మొదటిది. ప్రాణం దక్కించుకోవడానికి రెండు చేతులతో బిగించి పట్టుకున్న కత్తిని ఎవరైనా ఎందుకు వదులుతారు అన్నది రెండోది. రెండింటికీ సమాధానం భౌతికశాస్త్రంలోనూ మనిషి చేతి నిర్మాణంలోనూ ఉంది. కత్తిని లాక్కోవడం బలవంతుడికి మాత్రమే సాధ్యమని చాలామంది అనుకుంటారు. ఆ గురువులు రాసింది శ్రద్ధగా చదివితే, ఇది కత్తి చేతబట్టి చేసే కుస్తీ అనీ, ఎదుటివాడి పిడికిలి బలంతో పోటీపడకుండా ఆ పిడికిలి బలహీనంగా ఉన్న దిక్కును వెతికి అక్కడే పనిచేయడం ఇందులోని కీలకమనీ అర్థమవుతుంది.

ముందు ఆయుధం సంగతి. లాంగ్‌సోర్డ్ అని ఇప్పుడు పిలుస్తున్న ఈ రెండుచేతుల కత్తి పద్నాలుగు, పదిహేనో శతాబ్దాల్లో ఐరోపా అంతటా వాడుకలో ఉండేది. మొత్తం పొడవు సాధారణంగా 100 నుంచి 130 సెంటీమీటర్లు, బరువు ఎక్కువ భాగం కత్తులకు 1.1 నుంచి 1.8 కిలోల మధ్య ఉంటుంది. నాలుగైదు కిలోల ఇనుప దిమ్మెలను తిప్పేవారన్న ప్రచారంలో నిజం లేదు. పిడికీ అలుగుకూ మధ్య అడ్డంగా ఒక ఉక్కు కమ్మి, పిడి చివర బరువైన గుండు ఉంటాయి. అలుగులో అడ్డకమ్మికి దగ్గరి సగాన్ని బలమైన భాగమనీ, మొనవైపు సగాన్ని బలహీనమైన భాగమనీ జర్మన్ గురువులు విభజించారు. పిడి నుంచి దూరం పెరిగేకొద్దీ ఎదుటి ఒత్తిడిని తట్టుకోవడం కష్టమవుతుంది కాబట్టి, ఈ విభజన అచ్చంగా తులాదండ (మీట) సూత్రమే.

కత్తిని లాక్కునే అవకాశం పోరులో ఎప్పుడుపడితే అప్పుడు రాదు. ఇటలీలో ఫ్రియూలీ ప్రాంతానికి చెందిన ఫియోరె దెయ్ లిబేరి 1409 ప్రాంతంలో ఫెర్రారా ప్రభువు మూడో నికోలో దెస్తేకు అంకితమిస్తూ బొమ్మలతో కూడిన యుద్ధవిద్యా గ్రంథం రూపొందించాడు. దాని ప్రతుల్లో ఒకటి ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది. ఫియోరె రెండుచేతుల కత్తి విద్యను దూరపు ఆట, దగ్గరి ఆట అని రెండుగా విడదీశాడు. కత్తిని లాక్కునే ఎత్తులు దగ్గరి ఆటలోనే వస్తాయి. ఈ విద్యకు కావలసిన నాలుగు గుణాలను ఆయన ఒక మనిషి చుట్టూ నాలుగు జంతువులుగా చూపించాడు: బలానికి ఏనుగు, వేగానికి పులి, ధైర్యానికి సింహం, వివేకానికి లింక్స్ అనే అడవిపిల్లి. ఆ అడవిపిల్లి పంజాలో వృత్తలేఖిని ఉంటుంది. ఎదుటివాడి చేతులు తన చేతికి అందే దూరంలో ఉన్నాయా లేవా అన్నది కొలవగలిగినవాడికే ఈ ఎత్తులు పనికొస్తాయి కాబట్టి, నాలుగింటిలో నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించేది అదే. ఒక్క అడుగు దూరంలో తప్పు జరిగినా, కత్తి పట్టుకోబోయిన చేయి మీదే దెబ్బ పడుతుంది.

ఇక బలాల లెక్క చూద్దాం. కత్తిని రెండు చేతులతో పట్టుకున్నవాడి చేతుల మధ్య దూరం సుమారు 15 సెంటీమీటర్లు అనుకుందాం. అతని కత్తిని తిప్పేయాలనుకున్నవాడు ఒక బలాన్ని పిడి చివర, రెండో బలాన్ని అలుగు మీద, 60 సెంటీమీటర్ల ఎడంతో వ్యతిరేక దిశల్లో ప్రయోగించాడనుకుందాం. భౌతికశాస్త్రంలో దీన్ని బలయుగ్మం అంటారు. ఒక్కో బలం 100 న్యూటన్లు, అంటే సుమారు పది కిలోల బరువు ఎత్తడానికి కావలసినంత, అయితే ఏర్పడే భ్రామకం, అంటే తిప్పే ప్రభావం, 60 న్యూటన్ మీటర్లు. దాన్ని అడ్డుకోవడానికి కత్తి పట్టుకున్నవాడు 15 సెంటీమీటర్ల ఎడంలోనే పనిచేయాలి కాబట్టి, అతని ఒక్కో చేయి 400 న్యూటన్లు, అంటే నలభై కిలోల బరువుకు సరిపడే బలం చూపాలి. బలంలో ఇద్దరూ సమానులే అయినా, కత్తిని దూరదూరంగా పట్టుకున్నవాడికి నాలుగు రెట్ల లాభం ఉంది. కత్తిని లాక్కునే ఎత్తుల్లో ఒక చేయి ఎదుటివాడి పిడి దగ్గరికో గుండు దగ్గరికో వెళ్ళడం, తన కత్తి అలుగు రెండో బలంగా అతని అలుగును నెట్టడం తరచుగా కనిపించడానికి కారణం ఇదే.

అయితే కత్తి తిరిగినంత మాత్రాన చేయి వదలదు. చేయి ఎందుకు వదులుతుందో తెలియాలంటే పిడికిలిని దగ్గరగా చూడాలి. నాలుగు వేళ్ళు ఒకవైపు నుంచి, బొటనవేలు ఒక్కటే మరోవైపు నుంచి పిడిని చుట్టుకుంటాయి. నాలుగు వేళ్ళ మీదికి పిడిని నెడితే అవి కలిసి ఆపగలవు. బొటనవేలికీ వేళ్ళ కొసలకూ మధ్యనున్న సందు వైపు నెడితే ఆపవలసింది బొటనవేలు ఒక్కటే. ఎదుటివాడి పట్టును విడిపించే ఎత్తుల్లో చాలా, అవి కత్తివైనా కుస్తీవైనా, చివరికి ఈ సందు దగ్గరికే వస్తాయి.

రెండో బలహీనత మణికట్టుది, నా దృష్టిలో ఇదే ఎక్కువ ఆసక్తికరం. వేళ్ళను ముడిచే కండరాలు అరచేతిలో కన్నా ఎక్కువగా ముంజేతిలో ఉన్నాయి. వాటి స్నాయుబంధనాలు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళలాంటి భాగాలు, మణికట్టు దాటి వేళ్ళ దాకా వస్తాయి. మణికట్టును అరచేతివైపు పూర్తిగా వంచితే, వేళ్ళను ముడిచే కండరాలు అప్పటికే కురచబడి ఉంటాయి కాబట్టి వాటికి ఇంకా లాగే సత్తువ ఉండదు. అదే సమయంలో వేళ్ళను చాచే స్నాయుబంధనాలు చేతి వెనక బిగదీసుకుని వేళ్ళను తెరవడానికి లాగుతాయి. నమ్మకం కలగకపోతే మణికట్టును లోపలికి వీలైనంత వంచి, అలాగే ఉంచి పిడికిలి బిగించి చూడండి. ఎంత గట్టి మనిషికైనా ఆ స్థితిలో పూర్తి పిడికిలి పడదు. చేతి పట్టు అన్నిటికన్నా బలంగా ఉండేది మణికట్టు కొద్దిగా వెనక్కి వంగి ఉన్నప్పుడు. మణికట్టును ఆ స్థితి నుంచి తప్పించగలిగితే పిడికిలితో పోట్లాడవలసిన అవసరమే తగ్గిపోతుంది.

దీని వెలుగులో రింగెక్ సూచనను అడుగడుగునా పరిశీలించవచ్చు. రెండు అలుగులనూ నడిమధ్యన కలిపి పట్టుకోవడంతో ఎదుటివాడి కత్తి ఒక చోట స్థిరపడుతుంది. అతను దాన్ని తిప్పి కొట్టలేడు, పొడవలేడు. ఆ పట్టు ఇరుసుగా, మన పిడి ఆ ఇరుసు చుట్టూ తిరిగే చేయిగా మారుతుంది. పిడి చివరి గుండు కిందుగా వెళ్ళి అతని రెండు చేతుల మీదికి ఎక్కగానే, అతని చేతులు మన పిడికీ అతని సొంత కత్తికీ మధ్య చిక్కుకుంటాయి. ఇప్పుడు కుడివైపుకు, పైకి లాగితే ఆ లాగుడు అతని పిడికిలి మీద కన్నా మణికట్టు మీద ఎక్కువగా పడుతుంది. కత్తి ఉన్నచోటే ఉంటుంది, చేతులే దాని మీద నుంచి ఊడివస్తాయి. మన చేతికీ అతని చేతులకూ ఇరుసు నుంచి ఉన్న దూరాల్లో పెద్ద తేడా లేదు కాబట్టి ఇక్కడ లాభం తులాదండం పొడవు వల్ల రావడం లేదు, దిశ వల్ల వస్తోంది. పైగా లాగేది ఒక్క చేయి కాదు. అడుగు వేసి నడుము తిప్పితే శరీరం బరువంతా అతని మణికట్ల మీదికి చేరుతుంది. అతని రెండు చేతులూ ఒకే పిడి మీద ఉండటం దూరపు పోరులో బలమైనా ఇక్కడ లోపంగా మారుతుంది, ఎందుకంటే ఒకే కదలికతో రెండు మణికట్లూ దొరుకుతాయి.

పదును సంగతికి వస్తే, తెగడానికి ఒత్తిడి ఒక్కటే సరిపోదు. పండిన టమాటా మీద కత్తిని నేరుగా అదిమితే తోలు లోపలికి సొట్టబోతుంది, అదే కత్తిని కొద్దిగా ముందుకు జరిపితే సులువుగా తెగుతుంది. 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎల్. మహదేవన్ బృందం మెత్తని అగర్ జెల్‌ను సన్నని తీగతో కోస్తూ ఈ విషయాన్ని కొలిచి చూపింది. తీగను పక్కకు జరుపుతూ అదిమితే కోత మొదలవడానికి కావలసిన ఒత్తిడి బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే పక్కకు జరిగే కదలిక పదార్థంలో కోతను ఆరంభించే విరూపణను (ఆకారపు మార్పును) తేలికగా కలిగిస్తుంది. చర్మానికీ ఇది వర్తిస్తుంది. అలుగును వదులుగా పట్టుకుంటే అది అరచేతిలో జారుతుంది, జారితే తెగుతుంది. గట్టిగా, అలుగు పక్కల చదునైన భాగాల మీద వేళ్ళ ఒత్తిడి పడేలా పట్టుకుంటే జారదు. అందుకే రింగెక్ గట్టిగా పట్టుకోమన్నాడు. జర్మన్ ఖడ్గవిద్యా గురువు హాన్స్ తాల్‌హోఫర్ పేరుతో ఉన్న 1467 నాటి ప్రతిలో, కవచం లేని మనుషులు తమ కత్తిని అలుగు దగ్గర వట్టి చేతులతో పట్టుకుని, తిరగేసి, అడ్డకమ్మితో సుత్తిలా మోదే బొమ్మలు కూడా ఉన్నాయి. ఆ కాలపువారికి అలుగును పట్టుకోవడం సాధారణ విద్యే. అలాగని దీన్ని పదునైన కత్తితో ఇంట్లో పరీక్షించి చూడకూడదు. ఎదుటివాడు కత్తిని వెనక్కి గుంజిన మరుక్షణం పైన చెప్పిన జారుడే మొదలవుతుంది, కండరంతోపాటు స్నాయుబంధనాలూ తెగిపోవచ్చు.

ఆ గుంజుడుకు వ్యవధి ఇవ్వకపోవడం అన్నిటికన్నా కష్టమైన భాగం. కత్తులు తాకి నిలిచినప్పుడు ఎదుటివాడు ఒత్తుతున్నాడా, సడలిస్తున్నాడా అన్నది ఉక్కు ద్వారా చేతికి తెలియాలని యోహానెస్ లీష్టెనావర్ సంప్రదాయానికి చెందిన వ్యాఖ్యాతలు పదేపదే రాశారు. ఆ స్పర్శజ్ఞానమూ, దాన్ని అందుకుని అదే క్షణంలో కదలడమూ ఈ విద్యలో అన్నిటికన్నా గొప్పవని వాళ్ళ అభిప్రాయం. ప్రయోగశాలల్లో కొలిచినప్పుడు, కంటికి కనిపించినదానికి మనిషి స్పందించడానికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. స్పర్శకు స్పందించడానికి అంతకన్నా కొంత తక్కువ సమయం చాలు. తేడా చిన్నదే అయినా, ఎదుటివాడు ఒత్తిడి ఇంకా మార్చుతున్నప్పుడే తెలిసిపోవడం, మార్చాక కంటితో చూసి గ్రహించడం ఒకటి కావు. గట్టిగా ఒత్తేవాడి చేతులు ముందుకు చాచుకుని ఉంటాయి కాబట్టి దగ్గరికి చొచ్చుకుపోయి చేతులను చుట్టేయవచ్చు. సడలించేవాడి మీద ఈ ఎత్తు వేస్తే చేయి గాలిలోకి వెళ్తుంది.

ఫియోరె కత్తిని లాక్కునే పద్ధతులను పైనుంచి, మధ్యనుంచి, కిందినుంచి అని పేర్లు పెట్టి వేరుచేశాడు. పైనుంచి లాక్కునే పద్ధతిలో తన పిడిని ముందుకు తోస్తూనే ఎడమచేత్తో ఎదుటివాడి చేతులను బిగిస్తాడు, అప్పుడు అతను కత్తిని పోగొట్టుకోక తప్పదని రాశాడు. ఈ గ్రంథంలో ఒక ఎత్తు నేర్పే గురువు తల మీద బంగారు కిరీటం, దాన్ని అమలుచేసే శిష్యుడి కాలికి బంగారు పట్టీ, ఆ ఎత్తుకు విరుగుడు చూపే గురువుకు రెండూ ఉంటాయి. కత్తిని లాక్కునే పద్ధతి ముందుగా కనిపించేది రెండుచేతుల కత్తితో కాదు, బాకుతో. పైనుంచి దిగే బాకు చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, బాకును దాడి చేసినవాడి ముంజేతి మీదుగానే తిప్పి ఊడదీయడం అక్కడ నేర్పుతాడు. ఆయుధం పొడవు మారినా పిడికిలి మారదు కాబట్టి, బాకు దగ్గర నేర్చుకున్నది పెద్ద కత్తికీ పనికొస్తుంది. జర్మన్ సంప్రదాయంలోనూ ఇదే బంధం ఉంది. రోమ్‌లో ఉన్న 1452 నాటి ప్రతిలో లీష్టెనావర్ కత్తి విద్యతోపాటు, ఆస్ట్రియా ప్రభువులకు కుస్తీ నేర్పిన ఓట్ అనే గురువు పట్లు కూడా చేరాయి.

విరుగుడులూ ఇదే తర్కాన్ని అనుసరిస్తాయి. మణికట్టు చిక్కిందని తెలిసిన వెంటనే ఒక చేతిని వదిలేయడం అన్నిటికన్నా సులభమైనది. రెండు చేతులూ పిడిని అంటిపెట్టుకుని ఉంటేనే ఎదుటివాడి మీట పనిచేస్తుంది. వదిలిన చేయి అతని మోచేతిని నెట్టవచ్చు, మెడను చుట్టవచ్చు, అతని కత్తిని తానే పట్టుకోవచ్చు. లీష్టెనావర్ పద్యంలోనూ కత్తిని గుండు దగ్గర నుంచి వేలాడనిచ్చి, ప్రత్యర్థి చేతుల కిందుగా దూసుకెళ్ళి కుస్తీకి దిగమన్న సలహా ఉంది.

1990ల నుంచి ఐరోపా, అమెరికాల్లో ఈ చేతిరాత ప్రతులను చదివి, మొద్దు అంచుల ఉక్కు కత్తులతో అభ్యసించే బృందాలు పెరిగాయి. పోటీల్లో కత్తిని లాక్కోవడం అరుదుగానే కనిపిస్తుంది. మందపాటి మెత్తలున్న చేతిగ్లవ్స్ స్పర్శను మందగింపజేస్తాయి, చాలాచోట్ల కలబడటం మీద నియమాలూ ఉంటాయి. అడ్డకమ్మికీ పిడికీ మధ్య చిక్కుకున్న వేలు కత్తి తిరిగినప్పుడు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి, సాధన నెమ్మదిగా, ఇద్దరి అంగీకారంతో సాగుతుంది, మణికట్టు హద్దుకు చేరగానే పట్టు వదిలేయడం మొదట నేర్పే నియమం. అయినా ఆ నెమ్మది సాధనకు శాస్త్రీయమైన విలువ ఉంది. పాత బొమ్మల్లో ఏ చేయి పైన ఉందో, ఏ దిక్కుకు తిరుగుతోందో కొన్నిసార్లు స్పష్టంగా ఉండదు. రెండు రకాలుగానూ చేసి చూస్తే, ఒక రకంలో పిడి నాలుగు వేళ్ళకు తగిలి ఆగిపోతుంది, రెండో రకంలో బొటనవేలి సందులో నుంచి జారి బయటికి వస్తుంది. బొమ్మను ఎలా చదవాలో అక్కడే తేలుతుంది.