గాలిగోపురం దగ్గర నాడి చూసుకుంటే

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. మొదటి వంద ఎక్కేలోపే గుండె వేగం పెంచుతుంది, నుదుట చెమట పడుతుంది, కాళ్ల కండరాలకు రక్తం ఎక్కువగా మళ్లుతుంది, ఆ మేరకు పొట్టకు తగ్గుతుంది. ఇందులో మనం తలచుకుని చేసేది ఏదీ లేదు. ఈ పనులన్నీ చూసుకునేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఈ నరాలూ దెబ్బతింటాయి. అరికాళ్ల తిమ్మిరి, మంట అయితే మనిషికి తెలుస్తాయి, డాక్టరు దగ్గరికి వెళతాడు. స్వయంచోదిత నరాల జబ్బుకు మాత్రం మొదట్లో నొప్పీ తిమ్మిరీ ఉండవు.

కండరం గ్లూకోజును లోపలికి తీసుకోవాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. నరానికి ఆ అవసరం లేదు, రక్తంలో చక్కెర పెరిగితే లోపలా పెరుగుతుంది. మిగులు గ్లూకోజులో కొంత సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థంగా మారుతుంది. ఆ మార్పుకు ఖర్చయ్యే పదార్థమే కణం తనను తాను కాపాడుకోవడానికీ కావాలి. దాంతో రక్షణ బలహీనపడుతుంది. మరోవైపు నరానికి రక్తం తెచ్చే సన్నని నాళాలు పూడుకుంటాయి. పొడవైన నరాలకు ముందుగా దెబ్బ. కాళ్లలో పాదాలు ముందు మొద్దుబారేది అందుకే. స్వయంచోదిత నరాల్లో పొడవైనది తల నుంచి పొట్ట దాకా దిగే వేగస్.

వేగస్ గుండెకు బ్రేకు లాంటిది. అది బలహీనపడితే ఊరికే కూర్చున్నా నాడి 100 దాటవచ్చు. జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ లేకుండా అలా ఉంటే ఈసీజీతో చిన్న పరీక్ష చేస్తారు. నిమిషానికి ఆరు చొప్పున లోతైన శ్వాసలు తీయించి, పీల్చినప్పటి అత్యధిక వేగానికీ వదిలినప్పటి అత్యల్ప వేగానికీ తేడా చూస్తారు. 15కు పైన ఉంటే బాగున్నట్టు, 10 లోపు ఉంటే దెబ్బతిన్నట్టు. వయసుతో ఈ తేడా సహజంగానే తగ్గుతుంది కనుక అంకె ఒక్కటే పట్టుకుని బెంబేలు పడక్కర్లేదు. జబ్బు ముదిరితే కూర్చున్నప్పుడు తగ్గని నాడి, మెట్లెక్కేటప్పుడు తగినంత పెరగదు కూడా. మెట్ల దారిలోని గాలిగోపురం దగ్గర ఆగి మణికట్టు పట్టుకుంటే, కింద బయలుదేరినప్పటి అంకెకు దగ్గరగానే ఉంటుంది. మనిషికి మాత్రం కాళ్లు లాగేస్తుంటాయి.

ఇంతకన్నా ప్రమాదం మరొకటుంది. గుండెకు రక్తం చాలకపోతే ఆ నొప్పిని మెదడుకు చేర్చేవీ ఈ నరాలే. అవి పోతే గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమట, వికారం, ఎన్నడూ లేని నీరసం వస్తే, గ్యాస్ అనుకుని సోడా తాగి మళ్లీ మెట్లెక్కడం తప్పు. అక్కడే కూర్చుని సాయం అడగాలి. షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ చెప్పింది ఊరికే కాదు.

లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లకూ పొట్టకూ జారుతుంది. నరాలు నాళాలను వెంటనే బిగించకపోతే కళ్లు తిరుగుతాయి. ఇంట్లోనే చూసుకోవచ్చు. ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూసి, నిలబడ్డాక ఒకసారి, మూడో నిమిషంలో ఒకసారి చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పాలి. ప్రోస్టేటు మాత్రలు, నీరు పోయే మాత్రలు దీన్ని పెంచుతాయి, అయినా సొంతంగా మానకూడదు. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పిక్కలు బిగించి వదులుతూ లేవడం మేలు.

పొట్ట సంగతి కాస్త చిత్రంగా ఉంటుంది. వేగస్ నీరసిస్తే జీర్ణాశయం తిన్నది నెమ్మదిగా వదులుతుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది, ఎప్పుడో తిన్నది వాంతిలో కనిపిస్తుంది. భోజనానికి ముందు వేసుకున్న ఇన్సులిన్ టైముకు పనిచేస్తుంది, అన్నంలోని చక్కెర రాదు. గంటకు లో షుగర్, నాలుగు గంటలకు హై. డోసు తప్పనుకుని మార్చుకుంటూ పోతే తిప్పలు పెరుగుతాయి. షుగర్‌కు మంచివని చెప్పే పచ్చి కూరగాయలు, పీచు, వేరుశనగలు వీళ్లకు బరువు. వేపుళ్లు ఇంకా బరువు. కొంచెం కొంచెంగా, మెత్తగా, ఐదారుసార్లు తినాలి.

లో షుగర్‌కు చేతిలోని లడ్డూ తినేయడం మన దగ్గర అలవాటు. నెయ్యి కడుపు ఖాళీ కావడాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగాలి, అది లేకుంటే మూడు టీస్పూన్ల చక్కెర. 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ అంతే. లడ్డూ ఆ తర్వాత. వణుకు, దడ, చెమట అనే హెచ్చరికలు రాకుండా నేరుగా తికమకలోకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. పదే పదే లో షుగర్ వచ్చినా శరీరం హెచ్చరించడం మానేస్తుంది. కొన్ని వారాలు లో రాకుండా చూసుకుంటే ఆ స్పృహ కొంతవరకు తిరిగొస్తుంది.

మూత్రాశయం నిండినా తెలియకపోవడం, మగవారిలో అంగస్తంభన తగ్గడం కూడా ఇందులోవే. సిగ్గుపడి దాచేవే ఎక్కువ.

పోయిన నరాన్ని తిరిగి తెచ్చే మందు లేదు. జబ్బును వెనక్కి నెట్టడం, నెమ్మదింపజేయడం మాత్రం సాధ్యం. 1993లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, 1,441 మంది టైప్-1 రోగుల్లో చక్కెరను గట్టిగా అదుపు చేసినవారికి ఈ జబ్బు దాదాపు సగం తగ్గింది. టైప్-2లో చక్కెరతో పాటు బీపీ, కొలెస్ట్రాలు, పొగ కూడా చూసుకోవాలి. టైప్-2 వారు జబ్బు తేలిన రోజు నుంచీ, టైప్-1 వారు ఐదేళ్ల తర్వాత నుంచీ ఏటా ఈ లక్షణాల గురించి డాక్టరుతో మాట్లాడాలి.

పాదాలకు చెమట పట్టించే నరాలు పోతే మడమలు ఎండి పగులుతాయి, పైన తలకేమో తినేటప్పుడు చెమట ధారలు. స్పర్శ లేని కాలితో ఎండలో కాలే రాతి మెట్టు తొక్కినా తెలియదు. కొండ దిగాక రాత్రి అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోవాలి. బొబ్బ కనిపిస్తే చిదమకుండా, ఉదయాన్నే చూపించాలి.