జాతి అనే ఒక్క మాటలో మూడు సంగతులు

చిరంజీవులకు ఆశీస్సులు.

జర్మానిక్ జాతులంటే జర్మనీవాళ్లేనా, వాళ్లందరిదీ ఒకే రక్తమా అని అడిగారు. జవాబుకు ముందు మన మాటనే ఒకసారి చూడండి. జాతీయ పతాకం అన్నప్పుడు జాతి అంటే దేశం. ఒంగోలు జాతి గిత్త అన్నప్పుడు జాతి అంటే పుట్టుక. తెలుగు జాతి అన్నప్పుడు జాతి అంటే భాష. ఒక్క మాట చేత మూడు పనులు చేయించుకుంటున్నాం. జర్మన్‌లో ‘ఫోల్క్’ అనే మాటదీ ఇదే పరిస్థితి. అక్కడ ఈ మూడింటినీ కలగలిపినవాళ్ల చేతుల్లో లక్షల ప్రాణాలు పోయాయి. అందుకని ఒక్కో పోగునూ విడదీసి చూద్దాం.

ముందు భాష. ‘జర్మానిక్’ అనే మాట సరిగ్గా అతికేది ఇక్కడే. ఇంగ్లిష్, జర్మన్, డచ్, ఫ్రీజియన్, యూదుల భాష యిడ్డిష్ ఒక కొమ్మ. డేనిష్, స్వీడిష్, నార్వేజియన్, ఐస్‌లాండిక్, ఫారో దీవుల భాష ఇంకో కొమ్మ. మూడో కొమ్మ గోతిక్ ఎండిపోయింది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ చేసిన బైబిల్ అనువాదం కొంత మిగలబట్టి దాని గురించి మనకు తెలుస్తోంది.

ఇవి ఒకే తల్లి పిల్లలని ఎలా తేల్చారు? మాటలు చూడ్డానికి ఒకేలా ఉంటే చాలదు. తేడా కూడా ఒక పద్ధతి ప్రకారం రావాలి. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘పాదం’ తీసుకోండి. ‘ప’ ఉన్నచోట ‘ఫ’ పెట్టండి, ‘ద’ ఉన్నచోట ‘ట’ పెట్టండి. ఇంగ్లిష్ ‘ఫుట్’ వచ్చింది. ‘దంతం’లో ‘ద’ను ‘ట’ చేయండి, ‘త’ను ‘థ’ చేయండి, ‘టూత్’ కనబడుతుంది. (మధ్యలో ఉన్న సున్న ఇంగ్లిష్‌లో రాలిపోయింది. డచ్ ‘టాండ్’లో ఇప్పటికీ ఉంది.) ఈ సూత్రాన్ని 1822లో వరసగా పేర్చి చూపినవాడు యాకోబ్ గ్రిమ్. మీరు చదివిన కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడు ఈయనే. ఆయనకంటే ముందే డెన్మార్క్‌కు చెందిన భాషాపండితుడు రాస్క్ దీన్ని గమనించాడు.

మీరే పట్టిక వేసుకుని కూర్చుంటే రెండు చోట్ల తప్పటడుగు పడుతుంది. మొదటిది ‘డెంటిస్ట్’, ‘పెడల్’ లాంటి మాటలు. ఇంగ్లిష్ మాటలే కదా, మరి ‘ద’, ‘ప’ మారలేదేం? అవి లాటిన్ నుంచి తర్వాత వచ్చి చేరిన ఎరువు (అరువు) మాటలు. మార్పు జరిగిన నాటికి అవి ఆ ఇంట్లో లేవు. కాబట్టి భాష కుటుంబం తేల్చేటప్పుడు ఎరువు మాటలు పక్కన పెట్టి అంకెలు, సర్వనామాలు, ఒంటి భాగాలు, క్రియల రూపాలు చూడాలి. మన తెలుగు సంగతీ ఇలాగే తేలింది. పాదం, దంతం ఎరువు. కాలు, పన్ను సొంతం. ఒకటి, రెండు, మూడు కూడా సొంతం. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వాటిది వేరే కుటుంబమనీ 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లిష్ అధికారి ఈ దారిలోనే చూపించాడు.

రెండో తప్పటడుగు ఇంకా రుచిగా ఉంటుంది. ‘పితృ’, ‘భ్రాతృ’ రెండింట్లోనూ ఉన్నది ‘త’యే. జర్మన్‌లో మాత్రం నాన్నను ‘ఫాటర్’ అంటారు, అన్నదమ్ముణ్ణి ‘బ్రూడర్’ అంటారు. ఒకచోట ‘ట’, ఇంకోచోట ‘డ’. సూత్రం తప్పిందా? తప్పలేదని 1877లో కార్ల్ వెర్నర్ అనే డేనిష్ పండితుడు చూపించాడు. కారణం వేదంలో దొరికింది. వేద స్వరం (అంటే చదివేటప్పుడు ఒక అక్షరం మీద గొంతు హెచ్చించడం) ‘పితర్’లో రెండో అక్షరం మీద పడుతుంది, ‘భ్రాతర్’లో మొదటి అక్షరం మీద పడుతుంది. ‘త’కు ముందున్న అక్షరం మీద స్వరం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఆ హల్లు దారి మారింది. జర్మన్లు ఆ స్వరాన్ని ఏనాడో మరిచిపోయారు గానీ దాని జాడ మాత్రం ఇంట్లో రోజూ పిలుచుకునే పిలుపుల్లో నిలిచిపోయింది. భాషాశాస్త్రంలో ఇంతకంటే అందమైన రుజువు నాకు కనబడదు.

డచ్ వాళ్ల పేరూ, జర్మన్లు తమ భాషను పిలుచుకునే ‘డాయిచ్’ అన్న పేరూ ఒకే మాట నుంచి వచ్చాయి. దాని అర్థం ‘జనానిది’. అంటే లాటిన్ కాని జనం భాష. లాటిన్ రూపంలో అది 786 నాటి ఒక నివేదికలో కనబడుతుంది. అక్కడ అది చెబుతున్నది ఇంగ్లండ్ జనం మాట్లాడే భాష గురించి! ముందు అది భాషకు పేరు, జనానికీ దేశానికీ తర్వాత అంటుకుంది.

ఇక పుట్టుక. భాష రక్తంలో రాదు. ఫ్రాంకులు జర్మానిక్ భాష మాట్లాడేవాళ్లు. ఫ్రాన్స్‌కు పేరు వాళ్లదే, అక్కడి భాష మాత్రం లాటిన్ బిడ్డ. ఇటలీలో లోంబార్డీకి పేరిచ్చిన లోంబార్డులదీ అదే కథ. నార్మన్ అంటే ‘ఉత్తరాది మనిషి’. ఉత్తరం నుంచి వచ్చి ఫ్రాన్స్‌లో స్థిరపడి, కొన్ని తరాల్లోనే ఫ్రెంచి వాళ్లయిపోయి, 1066లో ఇంగ్లండ్‌ను గెలిచి అక్కడికి ఫ్రెంచి మాటలు మోసుకెళ్లారు. మీ పూర్వీకులను పది తరాలు వెనక్కి లెక్కపెడితే 1,024 స్థానాలు వస్తాయి. అందరిదీ ఒకే భాష అని ఎవరు చెప్పగలరు? డీఎన్ఏ పరీక్షలో ‘జర్మానిక్ యూరప్ ఇంత శాతం’ అని వచ్చినా, అది ఆ కంపెనీ దగ్గరున్న నేటి మనుషుల నమూనాలతో పోల్చి వేసిన అంచనా. నమూనాలు మారితే అదే ఉమ్మికి వేరే శాతం వస్తుంది.

జర్మనీని ఏలిన హిట్లర్ పార్టీవాళ్లు, నాజీలు, రక్తాన్ని కొలుస్తామన్నారు. 1935లో యూదుల మీద చట్టాలు చేశారు. ఎవరు యూదుడో తేల్చాల్సి వచ్చేసరికి వాళ్ల చేతిలో ఏ కొలతా లేదు. తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ ఏ మతసమాజంలో ఉండేవారో కాగితాలు తీసి చూశారు. నలుగురిలో ముగ్గురు యూదు మతసమాజం వారైతే ఆ మనిషి యూదుడన్నారు. రక్తం పేరు చెప్పి చివరికి చూసింది చర్చి, యూదు మతసమాజాల రిజిస్టర్లు. తూర్పు యూరప్‌లో వాళ్లు చంపిన యూదుల్లో ఎక్కువమంది ఇంటి భాష యిడ్డిష్. హీబ్రూ లిపిలో రాసే అసలుసిసలు జర్మానిక్ భాష అది. పిల్లలూ, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మూడోది దేశం. ఆస్ట్రియా భాష జర్మనే, దేశం మాత్రం వేరు, అక్కడి జనం మనసూ వేరు. 1995లో యూరోపియన్ యూనియన్‌లో చేరేటప్పుడు 23 తిండి మాటలకు జర్మనీ మాటలతో సమానంగా గుర్తింపు కావాలని అడిగి ఒప్పందంలో రాయించుకున్నారు. టమాటాను జర్మనీలో ‘టొమాటె’ అంటే వీళ్లు ‘పరడైజర్’ అంటారు. ఆప్రికాట్ వీళ్లకు ‘మరిల్లె’.

దేశంలో సభ్యత్వం ఎవరికన్నది చట్టం తేలుస్తుంది, చట్టం మారుతుంది. 1913 నాటి జర్మన్ చట్టం ప్రకారం పుట్టుకతో పౌరసత్వం వచ్చేది తల్లిదండ్రుల నుంచే, పుట్టిన చోటును బట్టి కాదు. 2000 నుంచి, అక్కడ చాలాకాలంగా ఉంటున్న విదేశీయులకు అక్కడే పుట్టిన పిల్లలకూ దక్కుతోంది. 2024 జూన్ నుంచి మామూలుగా ఐదేళ్ల నివాసం, బీ1 స్థాయి (రోజువారీ మాటలకు సరిపడే మధ్యస్థ స్థాయి) జర్మన్, ఆ దేశం గురించి 33 ప్రశ్నల్లో 17 సరిగ్గా రాసే పరీక్ష, సొంత సంపాదన కావాలి. పాత పౌరసత్వం వదలమని జర్మనీ ఇప్పుడు అడగదు. కానీ భారత్ జంట పౌరసత్వం ఒప్పుకోదు. కాబట్టి అక్కడున్న మనవాళ్లు జర్మన్ పౌరులైతే భారత పాస్‌పోర్టు అప్పగించాల్సిందే. పాస్‌పోర్టు మారినంత మాత్రాన ఇంట్లో తెలుగు మారదు.

ఈ మూడు పోగులూ ఒక్కచోట చిక్కుపడ్డ నేల ష్లెస్‌విగ్, జర్మనీ డెన్మార్క్‌ల నడుమ ఉంది. 1864 యుద్ధంలో డెన్మార్క్ దాన్ని పోగొట్టుకుంది. 1920లో జనాన్నే అడిగారు. ఉత్తర భాగంలో దాదాపు 75 శాతం డెన్మార్క్ అన్నారు. దక్షిణాన ఫ్లెన్స్‌బర్గ్ ఉన్న భాగంలో దాదాపు 80 శాతం జర్మనీ అన్నారు. గీత అక్కడే పడింది. అయితే ఉత్తరాన ఓట్లను మొత్తంగా లెక్కపెట్టారు. అందువల్ల జర్మనీకి ఎక్కువ ఓట్లేసిన ట్యోనర్ లాంటి పట్టణాలు కూడా డెన్మార్క్‌కు వెళ్లాయి. దక్షిణాన డేన్లు మిగిలిపోయారు. ఎక్కడ గీసినా ఎవరో ఒకరు అటుపక్క ఉండిపోయేవారే.

దీనికి 1955 మార్చిలో బాన్ (అప్పటి పశ్చిమ జర్మనీ రాజధాని), కోపెన్‌హేగెన్ (డెన్మార్క్ రాజధాని) ప్రభుత్వాలు రెండు ప్రకటనలతో దారి చూపాయి. నేను డేన్‌ని లేదా జర్మన్‌ని అని చెప్పుకోవడం మనిషి ఇష్టం, అధికారులు దాన్ని కాదనకూడదు, పరీక్షించకూడదు. ఫ్లెన్స్‌బర్గ్‌లో ఇంట్లో జర్మన్ మాట్లాడుతూ పిల్లల్ని డేనిష్ బడికి పంపేవాళ్లున్నారు. నీ తాత ఎవరు, నీ ఇంటి భాష ఏమిటి అని ఏ ప్రభుత్వాధికారీ వాళ్లను కాగితాలు అడగడు.

ఇట్లు,
మీ తాతయ్య