పిల్లల షో యాంకర్ గట్టిగా అరవాలా?

ఆడిషన్‌కి వచ్చేవాళ్లు గుమ్మం దాటేదాకా మామూలుగానే మాట్లాడతారు. కెమెరా మీద ఎర్ర లైటు వెలగగానే చాలామందికి గొంతు కీచుగా మారిపోతుంది. ఎగురుతూ, చేతులు ఊపుతూ "హాయ్ పిల్లలూ!" అని కేక పెడతారు. పిల్లల షో అంటే హుషారు, హుషారంటే కేక అన్న ఈ అపోహ వల్ల ఎంతమంది మంచివాళ్లు మొదటి రౌండ్‌లోనే వెనుదిరిగారో చెప్పలేను.

ఈ పనిలో అన్నిటికన్నా కష్టం, అడిగాక ఆగడం. లెన్స్ అవతల ఒక్క బిడ్డ కూర్చుని ఉంటుంది. జవాబు వెతుక్కోవడానికి ఆ బిడ్డకి వ్యవధి కావాలి.

నా మొదటి ఏడాది ఓ రోజు, యూనిట్‌లో ఒకరి నాలుగేళ్ల పాప మానిటర్ ముందు కూర్చుంది. నేను డబ్బా ఊపి "ఇందులో ఏం మోగుతోంది?" అని అడిగి, ఆ ఊపులోనే "గంట!" అనేశాను. పాప నోరు తెరిచి మూసేసింది. రెండో ప్రశ్నకీ అంతే. మూడోసారి అసలు తెరవలేదు, చెప్పు పట్టీతో ఆడుకోసాగింది. డైరెక్టర్ గారు చూసి, "అడిగాక మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టమ్మా" అన్నారు. డబ్బాలో వస్తువు మార్చి మళ్లీ ఊపాను. ఒకటి, రెండు... చెమటలు పట్టాయి. మూడు దగ్గర వెనకనుంచి "తాళాలు!" అని వినిపించింది. సౌండ్ పాడైందని ఆ టేక్ పక్కన పెట్టారు. నాకు మాత్రం పని తెలిసింది ఆ టేక్‌లోనే.

1996లో మొదలైన అమెరికన్ పిల్లల షో 'బ్లూస్ క్లూస్'లో యాంకర్ స్టీవ్ బర్న్స్ చేసింది ఇదే. అడిగి, కెమెరా వైపు వంగి, ఆగేవాడు. ఒకే ఎపిసోడ్‌ని వరసగా ఐదు రోజులు వేసేవారు. మళ్లీ మళ్లీ చూసేకొద్దీ పిల్లలు ఎక్కువగా జవాబులు చెప్పారని పరిశోధకులు గమనించారు.

స్టీవ్ 2002లో ఆ షో నుంచి తప్పుకుంటే చనిపోయాడని పుకారు లేపారు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. 2021లో, అప్పటి పిల్లలు పెద్దవాళ్లయ్యాక, వాళ్లని పలకరిస్తూ వీడియో కూడా చేశాడు. మరో అమెరికన్ పిల్లల షో నడిపిన ఫ్రెడ్ రోజర్స్ సైన్యంలో స్నైపర్ అన్నదీ అబద్ధమే, ఆయన సైన్యంలో పనిచేయలేదు. దయచేసి ఇలాంటివి ఫార్వర్డ్ చేయకండి.

వయసు దాటిపోయిందని బెంగా? రోజర్స్ షో 1968లో దేశమంతా ప్రసారం మొదలయ్యేసరికి ఆయనకి నలభై దగ్గర పడ్డాయి. 2001 దాకా నడిచింది. అందం సంగతి పిల్లలు పట్టించుకోరు.

"నా గొంతు చిన్నది, మెల్లగా మాట్లాడతాను, పనికొస్తానా?" అని భయపడుతూ అడిగేవాళ్లకి నేను రోజర్స్ చేపల సంగతే చెబుతాను. చూపులేని ఓ చిన్నారి, షోలోని తొట్టిలో చేపలకి మేత వేశారో లేదో తెలియక బెంగపడుతున్నానని ఆయనకి ఉత్తరం రాయించింది. ఆనాటినుంచి ఆయన మేత వేస్తున్నప్పుడు ఆ మాట పైకి చెప్పడం మొదలుపెట్టారు. మామూలు గొంతుతోనే.

మీ గొంతుతోనే రండి. మీకు తెలిసిన ఒక బిడ్డ ఫోటో లెన్స్ కింద అంటించుకుని, ఆ బిడ్డకే చెప్పండి. అడిగాక నాలుగు లెక్కపెట్టండి.