నౌపడ ఉల్లంకులు ఎప్పుడు బయలుదేరతాయి? అపోహలు - వాస్తవాలు

చలికాలం పోయాక నౌపడ ఉప్పు మడుల్లో సాయంత్రం దాకా బురద పొడుచుకుంటూ తిన్న ఉల్లంకి పిట్టల (శాండ్‌పైపర్ల) గుంపు తెల్లారేసరికి ఉండదు. ఈ వెళ్లడం గురించి శ్రీకాకుళం జిల్లాలో వినిపించే మాటలు కొన్ని నిజం కావు.

అపోహ: తేలినీలాపురం, తేలుకుంచి పక్షులన్నీ సైబీరియావే.
వాస్తవం: అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు మన దక్షిణాసియా పక్షులే. పిల్లలకు రెక్కలొచ్చి, చుట్టుపక్కల నీళ్లు ఇంకితే కదులుతాయి. పైకి లేచే వేడిగాలి మీద తేలుతూ పోతాయి కనుక ఎండెక్కాకే బయలుదేరతాయి. ఉత్తరాన ఎక్కడి నుంచో వచ్చి మడుల్లో ఆగేవి ఉల్లంకుల వంటివి. మిగతాదంతా వాటి గురించే.

అపోహ: ఏటా ఒకే తేదీకి వెళ్తాయి.
వాస్తవం: పగటి పొడవు మారితే కాలం వచ్చిందని ఒంటికి తెలుస్తుంది, ఆకలి పెరుగుతుంది. ఏ రోజు లేవాలన్నది మాత్రం ఒంట్లో కొవ్వు, గాలి, వాన కలిసి తేలుస్తాయి. గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీలిస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. అందుకే సామానంతా కొవ్వే. చాలా దూరం ఆగకుండా ఎగిరే పక్షులు కొన్ని బరువును రెట్టింపు దాకా పెంచుకుంటాయి. పక్షులను గుర్తుపట్టేందుకు కాళ్లకు రింగులు వేసేవాళ్లు చిన్న పిట్టను పట్టుకున్నప్పుడు గొంతు కింది గుంట మీద ఈకలను నోటితో ఊది, చర్మం కింద పసుపు కొవ్వు ఎంతుందో చూసి 0 నుంచి 8 దాకా అంకె వేస్తారు. ఆ నిల్వ సంగతి మెదడుకు చేరవేసే వాటిలో గ్రెలిన్ అనే హార్మోన్ ఒకటి. ఇటలీలోని పోంజా దీవిలో ఆగిన పిట్టలకు దాన్ని ఇస్తే మేత తగ్గించి, ప్రయాణపు ఆరాటం చూపాయని 2017లో తేలింది.

అపోహ: ఎక్కువ రోజులు ఉన్నాయంటే మేత బాగున్నట్టే.
వాస్తవం: బక్కచిక్కి దిగిన పక్షికి నిల్వ నిండడానికే ఎక్కువ రోజులు పడుతుంది. మేత మరీ లేకపోతే రెండు రోజుల్లోనే వేరే చోటు వెతుక్కుంటుంది కూడా. పైగా సుదూర ప్రయాణంలో కొవ్వుతోపాటు పేగు, కండ కూడా కరుగుతాయి. దిగగానే ముందు పేగు మళ్లీ పెరగాలి, బరువు ఆ తర్వాతే. అలాంటప్పుడు కుక్కలు తరిమినా, ఫోటో కోసం మనం గట్టు దిగి దగ్గరకెళ్లినా, ఆ పూట మేత పోతుంది, ప్రయాణం వెనక్కి జరుగుతుంది. తలలెత్తి మేత ఆపేశాయంటే మనం వెనక్కి రావాల్సిందే.

అపోహ: తుపాను సంగతి వారం ముందే తెలిసి వెళ్లిపోతాయి.
వాస్తవం: గాలి ఒత్తిడి పడిపోవడాన్ని పక్షులు పసిగట్టగలవు. అయితే అవి ఎక్కువగా చూసుకునేది తాము ఉన్నచోట, ఆ పూట వాతావరణాన్నే. వారం ముందే తెలుస్తుందనడానికి ఆధారం లేదు. ఎదురుగాలి, వాన ఉంటే కొవ్వు నిల్వ నిండినా ఆగుతాయి.

ఏప్రిల్ సాయంత్రాల్లో పక్కనుంచి చూడండి. కాళ్ల వెనక పొట్ట కిందికి ఉబ్బి ఉంటే నిల్వ నిండినట్టు. దక్షిణపు గాలి వీస్తుండగా పొద్దుగూకే వేళ గుంపు అరుచుకుంటూ లేచి, దిగి, మళ్లీ లేస్తోందంటే చాలావరకు ఆ రాత్రికే ప్రయాణం.