డౌట్, సస్పెక్ట్ ఒకటి కావు: అపోహలు - వాస్తవాలు

భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు నుంచి విదేశాలకు వెళ్లే మెయిళ్లు, రిపోర్టులు దిద్దేవాళ్లకు పదే పదే ఎదురయ్యే తప్పు ఒకటుంది. గ్రామర్ బాగుంటుంది, స్పెల్లింగ్ బాగుంటుంది, అర్థం మాత్రం సరిగ్గా తిరగబడి ఉంటుంది. ‘ఉంది’ అని చెప్పాల్సిన చోట ‘లేదు’ అని రాసి పంపేస్తున్నారు. రాసినవాళ్లకు ఆ సంగతే తెలియదు. అందుకని ముందు దాని సంగతి తేలుద్దాం, మిగతావి తర్వాత.

అపోహ: డౌట్ అన్నా సస్పెక్ట్ అన్నా అనుమానమే, ఏది రాసినా ఒకటే.

వాస్తవం: రెండూ ఎదురెదురు దిక్కులు. ‘ఐ సస్పెక్ట్’ అంటే ఉండే ఉంటుందని నా ఉద్దేశం. ‘ఐ డౌట్’ అంటే ఉంటుందని నేననుకోను. మన అనుమానం అనే మాట రెండు వైపులా పనిచేస్తుంది. ‘ఇవాళ లారీ రావడం అనుమానమే’ అన్నప్పుడు మనసు రాదు వైపు ఉంటుంది. ‘వాడే తీశాడని అనుమానం’ అన్నప్పుడు తీశాడు వైపు ఉంటుంది. పైగా డౌట్ కూడా తెలుగు మాటే అయిపోయింది. ‘మూడో చెరువులో వైట్ స్పాట్ డౌటండి’ అని, అంటే రొయ్యలకొచ్చే ఆ వైరస్ జబ్బు ఉందేమోనని, టెక్నీషియన్ అంటే గట్టు మీద అందరికీ తెలుస్తుంది, అందులో తప్పేం లేదు. ఆ వాక్యాన్ని అలాగే ఇంగ్లీషులోకి దించినప్పుడే ప్రమాదం.

‘వియ్ డౌట్ వైట్ స్పాట్ ఇన్ పాండ్ త్రీ’ అని విదేశీ కన్సల్టెంటుకు మెయిల్ వెళ్లిందనుకోండి. ఆయనకు అర్థమయ్యేది, మూడో చెరువులో వైట్ స్పాట్ లేదని మీరు అనుకుంటున్నారని. ఇక వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ టెస్టు ఊసెత్తడు. ఆ చెరువు నీళ్లు కాలువలోకి వదలొద్దని చెప్పడు. ఆ వలను పక్క చెరువులో దించొద్దనీ చెప్పడు. వైట్ స్పాట్ గట్టిగా తగిలితే 3 నుంచి 10 రోజుల్లో వనామీ రొయ్యల చెరువు మొత్తం ఖాళీ అయిపోవచ్చు. ఆ లెక్కలో ఒక్క రోజు పోయినా నష్టమే.

ఎగుమతి లాట్ల విషయంలో ఇంకో రకం నష్టం. ‘వియ్ డౌట్ నైట్రోఫ్యూరాన్ ఇన్ దిస్ లాట్’ (నైట్రోఫ్యూరాన్ అంటే రొయ్యల్లో నిషేధించిన యాంటీబయాటిక్) అని రాసిన మనిషి నిజాయితీగా ముందే హెచ్చరించాడు. యూరప్‌లో కొనేవాడికి అది భరోసాలా వినబడుతుంది. రేపు అక్కడి ల్యాబులో అవశేషాలు బయటపడితే, హెచ్చరించిన మనిషే అబద్ధమాడినవాడవుతాడు.

ఆసుపత్రుల్లోనూ ఇదే. కోనసీమ నుంచి గల్ఫ్‌కో ఇంగ్లండుకో వెళ్లిన నర్సు డ్యూటీ మారేటప్పుడు ‘ఐ డౌట్ ఎ ఫ్రాక్చర్’ అంటే, ఎముక విరిగి ఉండదులే అని చెప్పినట్టు. ఎక్స్‌రే వెనక్కి వెళ్లిపోతుంది. ఇలా రాసినందుకు సిగ్గుపడాల్సిన పనేం లేదు. స్కూల్లో రెండు మాటలకూ పక్కన అనుమానించు అనే అర్థమే రాయించారు, పిల్లలు అదే నేర్చుకున్నారు.

పంపేముందు ఇలా సరిచూసుకోండి. చెప్పాలనుకున్నది ముందు తెలుగులో పూర్తి వాక్యంగా అనుకోండి. చివర ‘ఉందేమో’, ‘అయ్యుంటుంది’ వస్తే సస్పెక్ట్. ‘ఉంటుందనుకోను’, ‘కష్టమే’ వస్తే డౌట్. ఇంకా తేలకపోతే ఆ చోట ‘ఐ డోంట్ థింక్’ పెట్టి చదవండి. మీరు చెప్పాలనుకున్నదే వస్తే డౌట్ సరైనదే. అర్థం తిరగబడితే సస్పెక్ట్ కావాలి.

వాక్యం కట్టే తీరు కూడా వేరు. సస్పెక్ట్ తర్వాత రోగం పేరో వస్తువు పేరో నేరుగా పెట్టొచ్చు, లేదా ‘దట్’ పెట్టి వాక్యం రాయొచ్చు. మనిషి మీద అయితే మధ్యలో ‘ఆఫ్’ రావాలి: ‘వియ్ సస్పెక్ట్ ద వాచ్‌మన్ ఆఫ్ స్టీలింగ్ ఫీడ్ బ్యాగ్స్’. చాలా ఫిర్యాదుల్లో కనబడే ‘ఐ డౌట్ ద వాచ్‌మన్’కి అర్థం, వాచ్‌మన్ మాట నేను నమ్మను అని మాత్రమే. దొంగతనం సంగతి అందులో లేదు. డౌట్ తర్వాత మామూలుగా ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ వస్తుంది. ‘దట్’ పెట్టినా తప్పు కాదు. ‘ఐ డోంట్ డౌట్’ అన్నప్పుడు మాత్రం ‘దట్’ పెట్టండి.

పాత ఇంగ్లీషు పుస్తకాల్లో డౌట్‌ను అనుమానపడటం, భయపడటం అనే అర్థంలో వాడారు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, వాడారు. స్కాట్లాండులో ఇంకా ఆ వాడుక ఉంది. మీ మెయిల్ చదివే బయ్యరు దాన్ని ఆ కాలపు ఇంగ్లీషుగా చదవడు.

ఇప్పటికే తప్పు మెయిల్ వెళ్లిపోయిందా? కంగారు వద్దు, ఊరుకోవడమూ వద్దు. ఆ రోజే రెండు ముక్కలు పంపండి: ముందు మెయిల్లో డౌట్ అని రాశాం, మా ఉద్దేశం సస్పెక్ట్, సమస్య ఉండొచ్చనే అనుకుంటున్నాం, టెస్టు ఫలితం ఫలానా రోజు పంపుతాం. అంతకుమించి సంజాయిషీ అక్కర్లేదు.

అపోహ: ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అనడం తప్పు ఇంగ్లీషు.

వాస్తవం: అది తప్పని చెప్పే రీల్స్ చూసి పిల్లలు క్లాసులో నోరెత్తడమే మానేస్తున్నారు, ఇది మరీ అన్యాయం. మన దేశంలో టీచరును సందేహం అడగడానికి అది అందరికీ తెలిసిన వాడుక. బయటివాళ్లతో మాత్రం ‘క్వశ్చన్’ అనండి. ‘ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ఇన్‌వాయిస్’ అంటే, మీ లెక్క మీద నాకు నమ్మకం లేదు అన్నట్టు వినబడుతుంది.

అపోహ: రిపోర్టులో సస్పెక్టెడ్ అనో సస్పిషియస్ అనో ఉంటే జబ్బు ఖాయమైపోయినట్టే.

వాస్తవం: కాదు. ఈ మాట చూసి రాత్రంతా నిద్రపోని కుటుంబాలు ఎన్నో. ‘సస్పెక్టెడ్ డెంగ్యూ’ అంటే లక్షణాలు అలా ఉన్నాయి, ల్యాబ్ టెస్టుతో ఇంకా నిర్ధారణ కాలేదు అని. రొమ్ము స్కాన్‌లో అనుమానం ఎంతో చెప్పే గ్రేడును బైరాడ్స్ అంటారు, అందులో 4కి సస్పిషియస్ అనే పేరు. ఆ ఒక్క పేరు కిందే క్యాన్సర్ అవకాశం 2 శాతం పైన నుంచి 95 శాతం లోపు దాకా ఉంటుంది. అందులోనే తక్కువ మెట్టు 4ఏ అయితే 10 శాతం మించదు. తర్వాత చేసేది సాధారణంగా చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ, తేల్చేది అదే. ఆ మాట చూసి భయపడి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేయడం అన్నిటికన్నా చేటు.

మామూలు మాటల్లో సస్పిషియస్‌తో ఇంకో చిక్కుంది. ‘హీ ఈజ్ సస్పిషియస్’ అంటే అతనికి అనుమానం ఎక్కువ అనీ కావొచ్చు, అతని వాలకమే అనుమానంగా ఉంది అనీ కావొచ్చు. మొదటిది చెప్పాలంటే ‘సస్పిషియస్ ఆఫ్’ అని, ఎవరి మీదో కూడా రాసేయండి.

అపోహ: డిస్‌ట్రస్ట్, మిస్‌ట్రస్ట్‌లలో ఒకటే సరైన మాట.

వాస్తవం: రెండూ సరైనవే, పెద్ద తేడా లేదు. కౌంటులో (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కలో) ఇదివరకు మోసం చేసిన బ్రోకరు మీద ఉండేది డిస్‌ట్రస్ట్, కొత్త మనిషిని చూస్తే ఎందుకో నమ్మబుద్ధి కాకపోవడం మిస్‌ట్రస్ట్. అయితే ఇది గట్టి నియమమేం కాదు. వ్యాపార మెయిళ్లలో ఈ రెండూ ఘాటైనవే. ‘వియ్ హ్యావ్ కన్సర్న్స్ అబౌట్ ద వెయిట్’ అంటే చాలు, బేరం చెడదు.

అపోహ: ‘నో డౌట్’ అంటే నూటికి నూరు శాతం.

వాస్తవం: వాక్యం మొదట్లో వచ్చే నో డౌట్ చాలాసార్లు ‘బహుశా’ అనో ‘నిజమే కానీ’ అనో అర్థమిస్తుంది. ‘నో డౌట్ యూ హ్యావ్ హర్డ్’ అంటే మీరు వినే ఉంటారు అని. ఖాయంగా చెప్పాలంటే ‘దేర్ ఈజ్ నో డౌట్’ అని పూర్తిగా రాయండి. అలాగే ‘ఐ యామ్ డౌటింగ్’ అనకండి, ‘ఐ డౌట్’ చాలు. ఇక డౌట్ స్పెల్లింగులో ‘బి’ ఉంటుంది కానీ పలకదు.